మేక మాత్రం నల్లగానే ఉంది

3 ఫిబ్రవరి 1981

పెళ్ళికార్డుల మీద అరటిచెట్లు, ఊరగాయ సీసాల లేబుళ్ళ మీద మామిడికాయలు. ఎనిమిదేళ్ళుగా ఇదే నా ఆర్టు. ఇవాళ ప్రెస్సు ఓనరు మాణిక్యాలరావు గారు పిల్లల బొమ్మల పుస్తకం ఇచ్చారు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఒక పిల్ల సఖినేటిపల్లి రేవు దాటే కథ. బొమ్మలన్నీ నావే. కవర్ మీద నా పేరు కూడా వేస్తారట!

9 ఫిబ్రవరి

మోడల్ ఇంట్లోనే ఉంది. దానం అన్నయ్య కూతురు అమ్మాజీ. ఏడేళ్ళది, ఒక్క చోట కుదురుగా కూర్చోదు. దాని నలుపు నిగనిగలాడుతూ రావాలని ముఖానికీ చేతులకీ సన్నగీతలు దగ్గరదగ్గరగా వేశాను. మేకకీ అవే గీతలు.

పుస్తకంలో వచ్చేది నేనేనని బడిలో చెప్పేసిందట. నువ్వా అని నవ్వారట. వచ్చాక చూపిస్తానని పందెం కాసి వచ్చింది. తప్పకుండా చూపిద్దువుగాని అన్నాను.

21 ఫిబ్రవరి

బొమ్మలు బాగున్నాయండీ, పిల్ల కొంచెం తెల్లగా ఉంటే ఇంకా బాగుంటదండీ అన్నారు మాణిక్యాలరావు గారు. ఎందుకండీ అన్నాను. కొనేవాళ్ళు ముచ్చటపడాలి కదండీ అన్నారు. ఆయన అమ్మాజీ కంటే నలుపు. ఆ ముఖం పెట్టుకునే అన్నారు.

మార్చనన్నాను. ఆయ్, మీ ఇష్టమండీ అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నారేమిటో.

5 మార్చి

రాజమండ్రి నుంచి నా బొమ్మల జింకు బ్లాకులు వచ్చాయి, అచ్చు వేసేది వీటితోనే. ఒక్క గీతా పోలేదు.

18 మార్చి, మధ్యాహ్నం

పుస్తకం వచ్చింది. పిల్ల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ముఖం మీద నా గీత ఒక్కటీ లేదు. మేక మాత్రం నల్లగానే ఉంది. మేక నలుపైతే కొనేవాళ్ళకి అభ్యంతరం లేదు కాబోలు.

ఒళ్ళు మండిపోతోంది. బ్లాకు మీద గీతల్ని ఉలితో గీకేశారు. అలా గీకేస్తే ఆ గీతలు ఇక అచ్చులో పడవు, మళ్ళీ బ్లాకు చేయించాల్సిందే. కవర్ మీద నా పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. అది గీకేసి పిల్ల ముఖం వదిలెయ్యాల్సింది.

అదే రోజు, సాయంత్రం ఆరు

గీకింది అన్నయ్య.

ఆ ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు తనే, బ్లాకులు సరిచేసేదీ తనే. నాకెందుకు తట్టలేదో! అడిగితే తలెత్తలేదు. ఓనరు గారు చెప్పేరు, చేసేనమ్మా అన్నాడు. అది నీ కూతురి ముఖమని తెలీదా అని అరిచాను. తెలుసన్నాడు. జ్ఞానమ్మ వదిన వచ్చి ఆపేదాకా అరుస్తూనే ఉన్నాను.

అప్పుడు నెమ్మదిగా అన్నాడు, చిన్నప్పుడు బడిలో నా నలుపు చూసి నన్ను ఏమని పిలిచేవోరో నీకు తెలుసు కదమ్మా, పుస్తకంలోనన్నా దాన్నెవరూ ఏమీ అనకూడదనుకున్నాను అని.

నా కోపం ఇంకా పెరిగింది. ఇప్పుడు ఇతని మీద జాలి కూడా పడాలా నేను?

19 మార్చి

వద్దన్నా వినకుండా అమ్మాజీ పుస్తకం బడికి పట్టుకెళ్ళింది. ఈ పిల్ల నువ్వు కాదన్నారట. మేకని చూపించి, ఇదిగో నువ్వు అన్నారట.

ఆ మేకని గీసింది నేనే.

20 మార్చి

కొత్త బ్లాకులు చేయించమన్నాను. ఈ పుస్తకం అయిపోయిందండీ, ఇంకోటి ఇస్తానండీ, అందులో చూద్దామండీ అన్నారు మాణిక్యాలరావు గారు. మీ పుస్తకాలు మీరే గీసుకోండని బ్రష్షులు సర్దుకుని వచ్చేశాను. ఊరగాయ సీసాలే నయం. మామిడికాయని తెల్లగా వెయ్యమని ఎవరూ అడగరు.

22 మార్చి, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అన్నయ్య వసారాలో కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. అమ్మాజీ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. చెయ్యి చాపి, నాన్నా, నాక్కూడా గీకవా అంది.