నాన్న బండికి కొత్త ట్రాక్

లాడ్జి నుంచి,
డిసెంబరు

నా ఎవిస్ అక్కకు,

మొన్న ఫోన్లో "గొంతు అలా ఉందేమే?" అన్నావు. మా ఆయన డెల్మర్ పక్కనే ఉన్నాడు కాబట్టి జలుబన్నాను. జలుబూ లేదు, గిలుబూ లేదు. నాలుగు గోడల మధ్య కూర్చుని కూర్చుని గొంతు అలా అయిపోయింది.

నాన్న నాకిచ్చిన పాత మోటారు మంచుబండి మూలపడింది. మొదటి మంచు పడ్డప్పుడు, వాగులో దిగబడిన ఎవరినో బయటికి లాగడానికి డెల్మర్ దాన్ని వేసుకుపోయాడు. పల్చటి మంచు కింద చెట్టు మొద్దు ఉంది. బండి కింద తిరిగే రబ్బరు ట్రాక్ అడ్డంగా చీలిపోయింది. ఇప్పుడది షెడ్డులో పొట్ట తెరుచుకుని పడి ఉంది. తన కొత్త బండి మీద అతను రోజూ మా లాడ్జిలో దిగే టూరిస్టులను కొండెక్కిస్తాడు. వసంతం వచ్చేదాకా మా రోడ్డు మీద మంచు తీసే నాథుడు లేడు. కింద రోడ్డు మూసేసిన గేటు దాకా నడిచి దిగుదామంటే అది మనుషులు నడిచే దూరం కాదు. ఆ బండే నా కాళ్ళు, అక్కా.

చీల్చింది తనే కనక కొత్త ట్రాక్ తెప్పించాల్సిందీ తనే. రోజూ భోజనమయ్యాక కంచాలు జరిపి కేటలాగులు పరుస్తాడు. ట్రాక్ మీద మంచును తన్నే రబ్బరు రెక్కలు ఎంత ఎత్తుండాలన్నదే తగువు.

"పెద్ద రెక్కలదైతే లోతు మంచులో దూసుకుపోద్ది. కానీ ముసలి ఇంజను, లాగుద్దో లేదో. పైన రేకుకి కూడా రాసుకుంటాయి" అంటాడు.

"అయితే పొట్టి రెక్కలదే వెయ్యి."

"పొట్టివా! వాటితో ఎక్కడికెళ్తాం? ఊళ్ళో రోడ్డు మీద ఊరేగడానికా?"

"ఊరేగితే తప్పేంటి?"

"చూద్దాంలే" అని కేటలాగు మూసేస్తాడు.

ఈ చూద్దాంలే నాకు కొత్త కాదు. చలికాలంలో కిందికి దిగి ఊళ్ళో ఉందామని అడిగిన ప్రతిసారీ ఇదే మాట. ఈసారి థాంక్స్ గివింగ్ పండగ విందులో ఒక టూరిస్టు, "మీ ఆవిడ ఇక్కడ విసుగెత్తి పారిపోదా?" అని సరదాకి అడిగాడు. డెల్మర్ పకపకా నవ్వి, "టిల్డానా? పోవడానికి బండేదీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే గుమ్మడికాయ తీపిరొట్టె వడ్డించాను. తర్వాత వంటింట్లోకి పోయి, వేడి పళ్ళెం ఉత్త చేతులతో పట్టుకున్నాను. కాలిందని కూడా తెలియలేదు.

నీకొక్కదానికే చెప్తున్నాను. గేటు దగ్గర కొట్టూ హోటలూ నడిపే ఫ్రీడా ఉంది కదా, రొట్టెలు కాల్చడానికి మనిషి కావాలంది, మేడ మీద గది కూడా ఇస్తానంది. వస్తానన్నాను. డెల్మర్‌కు చెప్పలేదు. అమ్మ కుట్టుపని టేపుతో పాత ట్రాక్ చుట్టుకొలత తీసి, అదే పొడవులో పొట్టి రెక్కలది ఒకటి తెప్పించమని, ఎందుకో చెప్పకుండా, ఫ్రీడాకు ఫోన్ చేశాను. అది రాగానే బిగించుకుని వెళ్ళిపోతాను. బిగించడం నాన్న పక్కన నిలబడి చూసిన పనే.

నీ చెల్లెలు,
టిల్డా

*

లాడ్జి నుంచి,
జనవరి

అక్కా,

తలచింది ఒకటి, అయింది ఇంకోటి. ట్రాక్ వచ్చింది. తెచ్చింది ఎవరనుకున్నావు? డెల్మర్!

టపా తేవడానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. ఫ్రీడా మహాతల్లి, నేను మొగుడికి పుట్టినరోజు కానుక తెప్పించాననుకుని, "నీ పెళ్ళాం బంగారమయ్యా" అని చేతిలో పెట్టి పంపింది. చాపలా చుట్టిన ట్రాక్‌ను వెనక కట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు. షెడ్డులో విప్పాడు. బొటనవేలు రెక్క పక్కన ఆనించి చూశాడు. ఈల ఆగిపోయింది.

"పొట్టిది" అన్నాడు.

"అవును."

"దీంతో కొండెక్కలేం."

"నేను కొండెక్కనుగా."

మా దగ్గర ఏ ట్రాక్ కొన్నాడో చూస్తే చాలు, మనిషి మనసు ఎటు ఉందో తెలిసిపోతుంది. పెద్ద రెక్కలు కొన్నవాడి చూపు శిఖరం మీద, పొట్టివి కొన్నవాడి చూపు రోడ్డు మీద. డెల్మర్‌కు నేను విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఆ పొగరు నాకుంది. అతను ట్రాక్‌ను ఇరుసు దగ్గరికి లాగి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"పొడవు కొలిచావు సరే. సందులు కొలిచావా?"

కొలవలేదు. ట్రాక్ లోపలి గాట్లు, దాన్ని తిప్పే పళ్ళ చక్రాలు ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. నాన్న బండి చక్రాలకు పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. వచ్చినదాని గాట్లేమో ఎడం ఎడంగా ఉన్నాయి. తిప్పితే నాలుగు గజాలు పోకముందే జారిపోతుంది. నాన్న బిగించడం నేర్పాడు గానీ, కొలవడం ఎప్పుడూ తనే చేసుకునేవాడు.

అలా దొరికిపోయాను అక్కా. కొన్న ట్రాక్ పనికిరాదు, దాచిన మాట దాగలేదు. ఇంట్లో ఇద్దరం ఉప్పు అందించమని తప్ప ఇంకో మాట మాట్లాడుకోవడం లేదు. మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉందని టూరిస్టులు కూడా రావడం మానేశారు. డెల్మర్ పొద్దున షెడ్డులోకి పోయి తలుపేసుకుంటే మళ్ళీ భోజనానికే బయటికి వస్తున్నాడు. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉంటాను. రోడ్డనేది తెల్లగా ఒక గుర్తు మాత్రమే. చూసీ చూసీ ఒక్కోసారి ఊపిరాడదు.

టిల్డా

*

ఫ్రీడా మేడ మీద నుంచి,
ఫిబ్రవరి

అక్కా,

వచ్చేశాను!

మొన్న పొద్దున నాన్న బండి షెడ్డు బయట నిలబడి ఉంది. కొత్త ట్రాక్ బిగించి ఉంది. తాళంచెవి నా కాఫీ కప్పు పక్కన పెట్టి, "తిరుగుద్దిలే" అని మాత్రం అన్నాడు డెల్మర్. చక్రాలెక్కడివని నేను అడగలేదు. అడిగితే కదల్లేనేమోనని భయమేసింది. సంచీ కట్టుకుని బయల్దేరాను. అతను గుమ్మంలోకి కూడా రాలేదు.

సగం దారిలో ఇంజను వేడి చూద్దామని ఆగితే, ట్రాక్ పక్కన రెండు ఇనుప కొక్కేలు కనబడ్డాయి. గట్టి రోడ్డు మీద మంచు గీకి పైకి చిమ్మి ఇంజను చల్లబరిచే కొక్కేలు. కొండెక్కే బండికి వాటితో పనిలేదు. అంటే నేను రోడ్డు వెంబడి చివరిదాకా వెళ్తానని తెలిసే పెట్టాడు. అక్కడే బండి మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, మళ్ళీ బయల్దేరాను.

ఇక్కడికొచ్చాక ఫ్రీడా, "నీ మొగుడు పళ్ళ చక్రాలు తెప్పించమని ఫోన్ చేశాడమ్మాయ్. తనవి ఊడబీకి నీకు బిగించాడంటగా. రెండు బళ్ళకీ ఇరుసు ఒకటేనంట. తొందరేం లేదు, వచ్చినప్పుడే పంపమన్నాడు" అంది.

పిండి కలుపుతున్న చేయి ఆగిపోయింది. అంటే ఇప్పుడు అక్కడ అతనికి బండి లేదు. నేను కూర్చున్న కిటికీలో అతను కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోయింది అక్కా. ఇంత చేసినవాడు, "వెళ్ళిరా" అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా? ఆ మాట అడగడానికైనా మళ్ళీ పైకి వెళ్తున్నాను. అతని చక్రాలు వచ్చేదాకా మాత్రం ఆగను. అవి పట్టుకెళ్తే బిగించుకుని కొండెక్కుతాడు, కథ మళ్ళీ మొదటికే వస్తుంది. చక్రాలు లేకుండా ఉన్నప్పుడే మాట్లాడాలి.

టిల్డా

*

ఫ్రీడా మేడ మీద నుంచే,
మార్చి

అక్కా,

నీ కంగారు ఉత్తరం అందింది. బాగానే ఉన్నాం. ఉన్నాం అన్నాను, గమనించు.

నేను వెళ్ళేసరికి డెల్మర్ కిటికీ దగ్గరే ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది.

"ఎన్నిసార్లు చూసినా అదే రోడ్డు" అన్నాడు. "చెవుల్లో హోరు పుట్టింది. నువ్వెలా ఉన్నావే ఇన్నాళ్ళూ?"

"ఎప్పుడైనా అడిగావా?"

"లేదు. ఇప్పుడడుగుతున్నాగా."

నేను కూర్చోలేదు, కోటు కూడా విప్పలేదు. "వస్తే వెనక ఎక్కు. రాకపోతే నే పోతా" అన్నాను.

"నేనా? వెనకా?"

"ముందు సీటు నాన్న నాకిచ్చింది."

ఎక్కాడు. దారి పొడుగునా "పక్కకి వంగు! నెమ్మదే! రాయి, రాయి!" అని అరుస్తూనే ఉన్నాడు. హెల్మెట్‌లో వినబడనట్టు ఊరుకున్నాను. ఒక మలుపు దగ్గర అరుపులు ఆగి, చేతులు నా నడుం చుట్టూ గట్టిగా బిగుసుకున్నాయి.

ఇప్పుడు ఫ్రీడా హోటల్లో అంట్లు తోముతున్నాడు, సణుక్కుంటూనే. చక్రాల పెట్టె వచ్చి అటక మీద కూర్చుంది. దాని వంక చూస్తాడు గానీ ఇంకా విప్పలేదు. నిన్న పొద్దున టోపీ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"టిల్డా, లాడ్జి కప్పు మీద మంచు తొయ్యాలి. లేకపోతే కూలుద్ది. నీ బండి ఇస్తావా?"

నేను పిండి మీంచి తలెత్తలేదు.

"చూద్దాంలే" అన్నాను.

ఫ్రీడా గరిట కింద పడేసి మరీ నవ్వింది. అతను నవ్వలేదు. ఆ మాట ఎలా ఉంటుందో రుచి చూస్తున్నవాడిలా అక్కడే నిలబడ్డాడు. పొయ్యిలో రొట్టెలు ఎర్రబడేదాకా నిలబెట్టాను. తర్వాత చేతులు తుడుచుకుని తాళంచెవి ఇచ్చాను.

"సాయంత్రానికి తెచ్చెయ్. రేపు నేను బయటికెళ్ళాలి."

చీకటి పడకముందే తెచ్చి, ట్రాక్‌లో ఇరుక్కున్న మంచు దులిపి, బండి ముఖం రోడ్డు వైపుకి తిప్పి పెట్టాడు.

నీ చెల్లెలు,
టిల్డా