నక్షత్రం దొర కాదు

సునీతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు పాఠాలు చెప్పిన బడిలో నక్షత్రాల పాఠం ఈసారి నన్ను చెప్పమన్నారు. నీలాగే పిల్లలను పసుపు పాలిష్ షెడ్డుకు తీసుకెళ్లాను.

పెద్ద నక్షత్రమంటే చిన్నవాటిని దోచుకుని కలకాలం బతికే దొర అని కూలీల మీటింగుల్లో ఎన్నిసార్లు అరిచానో నీకు తెలుసు. "నీ కోపం నక్షత్రాలకు అంటగట్టకు. అది ఉన్నదంతా ఊదేసుకుని జల్ది పోతది" అని మనింట్లో అనేదానివి. నేనేమో ఒప్పుకోకుండా వాదించేవాణ్ని.

ఈరోజు డ్రమ్ములో పసుపు కొమ్ములు ఒరుసుకుని పొట్టు ఎగురుతుంటే, పెద్ద నక్షత్రం పైపొరలను దాని వెలుగే గాలిలా బయటికి తోసేస్తుందని చెప్పాను. అలాంటి పెద్ద నక్షత్రాలు ఎక్కువగా జంటగా ఉంటాయని, కొన్ని జంటలు కలిసి ఒక్క నక్షత్రమవుతాయని, అది వయసుకన్నా పడుచుగా కనిపిస్తుందని కూడా చెప్పాను.

డ్రమ్ము దగ్గర పనిచేసే లక్ష్మక్క ఊరుకుంటుందా?

"గదేంది సారూ, మీటింగుల దొర అంటివి, గిప్పుడు లగ్గం ముచ్చట చెప్తున్నవ్?"

"నాదే తప్పు లక్ష్మక్కా. మా సునీత చెప్పిందే నిజం."

"మేడమ్ బతికున్నప్పుడు గీ మాట ఒక్కపారన్న అన్నవా?"

అనలేదని తల అడ్డంగా ఊపాను. ఊరందరితో వాదించే నేను, ఆ మాట ఇప్పుడు నీకు రాస్తున్నాను: నువ్వు చెప్పిందే నిజం.