కాగితాలున్న కుక్క

అల్ మవాలే, మస్కట్

చి. నరహరికి అక్క దీవెనలు. నేను క్షేమంగా, కోపంగా ఉన్నాను.

ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు, అందుకే కార్డు. రిటైరయ్యాక తోడుకని జాతికుక్క పిల్లనే కొంటావా? మరదలు వసుంధర మన ఊరి కుక్కల ఆశ్రమంలో చూసొచ్చిన ముసలిది పనికిరాదా? పైగా "ఎక్కడో పెరిగొచ్చింది మనదెట్లయితాది అక్కా" అంటావా?

నిన్న మనవరాలు నన్ను ఇక్కడి ఆశ్రమానికి తీసుకెళ్లింది. నువ్వు కోరుకున్న మంచుదేశపు జాతిదే ఒకటి ఈ ఎండకు రొప్పుతోంది. ఉద్యోగం ముగియగానే యజమాని దాన్ని ఆశ్రమం గేటుకు కట్టేసి విమానమెక్కాడట. అక్కడ పనిచేసే కడప హసీనా, "జాతి కాయితాలన్నీ ఉండాయి పెద్దమ్మా, మనుషులే ల్యారు" అంది.

నీ మోకాళ్లతో పిల్లకుక్క వెంట పరుగెత్తుతావా? వసుంధర షుగరు చూపించుకుందా? ఎవరైనా ఇటు వస్తుంటే పండుమిరప పచ్చడి పంపు.

నేను మన ఇంటికి దత్తతగా వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. ఎక్కడో పెరిగొచ్చింది మనదెలా అవుతుందని అమ్మ కూడా అనుకునుంటే, నీకు ఈ అక్కా ఉండేది కాదు, ఈ తిట్లూ ఉండేవి కావు. ఆ ముసలిదాన్ని ఇంటికి తెచ్చుకున్నాకే నాకు ఫోన్ చెయ్యి. వసుంధరకు, దానికి కూడా నా ఆశీస్సులు.

మీ అక్క
శారదాంబ