జాంజిబార్‌కా, ఇంటికా

జహ్రా, 14-6-1998

తమ్ముడు దస్తగిరికి, నేను క్షేమం. మీరందరూ అల్లా నీడలో చల్లగా ఉండాలి.

నేను పనిచేసే అరబ్బు ఇంటి ముసలి యజమానురాలు, మేం మామా అని పిలిచేది, ఆమె నాయన ఆ కాలంలో ఖర్జూరాల ఓడ మీద వెళ్లి జాంజిబార్‌లో చనిపోయాడట. వచ్చే నెల ఆ సమాధి చూడటానికి వెళుతూ నన్ను తోడు రమ్మంటోంది. వెళితే ఈ ఏడు నాకు ఇంటికి సెలవు లేదు. రానంటే ఆ ముసలి ప్రాణం ఒంటరిగా పోవాలి.

డ్రైవర్ మౌలాలిని అడిగితే, "ఆడ ఉత్తరం దిక్కు తిరిగి నమాజు చెయ్యల్ల అక్కా, మరిచిపోయి మనూరి మాదిరి పడమరకు నిలబడేవు!" అని నవ్వాడు. ఇక్కడేమో వంటింటి ఫ్రిజ్ వైపు తిరిగి చేస్తున్నాను. నాకేమీ పాలుపోవడం లేదు.

అమ్మ కంటికట్టు విప్పారా? చుక్కల మందు వేళకు వెయ్యి. ఈ కార్డు అమ్మకు చదివి వినిపించి వెంటనే జవాబు రాయి. ఆమె ఏ దిక్కుకు పొమ్మంటే అటే పోతాను.

మీ అక్క
ఖాసింబీ