హెన్రీ పొలంలో కుంట

ఏమండీ,

హెన్రీ పొలంలో కుంటను ఇవాళ పూడ్చేశారు. ఆయన పోయాక కొడుకులు అమ్మేశారు. అక్కడ డేటా సెంటర్ వస్తుందట.

ఇక్కడ అమెరికాలో మనకు గుడి లేని రోజుల్లో వినాయకుణ్ణి నిమజ్జనం చేసుకోనిచ్చింది ఆ జర్మన్ రైతు ఒక్కడే. విల్ కౌంటీకి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగు కుటుంబాన్నీ మీరు ముందు ఆ గట్టుమీదికే తీసుకెళ్ళేవారు. "ఇది పొటావాటమీ తెగవాళ్ళ నేల. తర్వాత హెన్రీ తాతలది. ఇప్పుడు మనకీ కాస్త చోటుంది" అనేవారు. ఆ మాట నమ్మే మీ అస్థికలు అక్కడ కలిపాం.

మన అమ్మాయి కంచె పక్కన కార్ ఆపి, సూపర్‌వైజర్‌తో మాట్లాడి వచ్చింది. వెనక బుల్‌డోజర్ మట్టి తోస్తూనే ఉంది.

"కౌంటీ హిస్టరీ మీద ఒక బోర్డ్ పెడతారట అమ్మా. పొటావాటమీస్, జర్మన్ ఫార్మర్స్, అందరూ ఉంటారట."

"మరి మనం?"

అది కార్ స్టార్ట్ చేసింది. చోటుందట, చోటు!

నన్నూ మీ పక్కనే కలపమని దానికి ఎప్పుడో చెప్పి ఉంచాను. గ్యారేజ్‌లోకి వచ్చాక, స్టీరింగ్ వదలకుండానే అడిగింది.

"మరి నిన్ను ఎక్కడ కలపాలి, అమ్మా?"

నాకు ఏ చోటూ తోచలేదండీ.