మిల్లు కాలవలో ఎర్రతోకలు

చిట్టితల్లికి, అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

నీ నడుంనొప్పి తగ్గిందా? నీళ్ళున్న తొట్లు ఒక్కదానివే ఎత్తకు. అల్లుడుగారిది పొడిదగ్గో, తడిదగ్గో రాయలేదు. ఆ ఒక్క ముక్క కోసం నీ ఉత్తరం మూడుసార్లు తిరగేశాను. బుజ్జిదానికి ఊడిన పన్ను మళ్ళీ మొలిచిందా? మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను. బాగున్నానని రాస్తే దిష్టి తగులుతుందేమో, ఓ మాదిరిగా ఉన్నాననుకో.

మిల్లు వెనక కాలవలో ఎర్రతోక చేపలు ఎప్పటినుంచి ఉన్నాయో కనుక్కోమన్నావుగా. వల వేసే ఆయన్ని అడిగాను. పక్కింటి టీచరమ్మ కూడా అక్కడే ఉంది. బయటి నీళ్ళలో పట్టినవాటికి మీ కొట్లో 'అడవి చేప' అని చీటీ అంటిస్తారని చెప్పాను.

"అయితే ఇవి అడవివే పెద్దమ్మా," అన్నాడాయన. "ఇక్కడే పుట్టాయి, ఇక్కడే బతికాయి, నా వలలో పడ్డాయి. అడవివి కాకపోతే అత్తారింటివా?"

టీచరమ్మ ఊరుకుంటుందా? "ఇవి గాజుతొట్లో పెంచే రకం. ఇంట్లోంచి పారిపోయిన కోడి పొదల్లో పిల్లల్ని చేస్తే అవి అడవికోళ్ళయిపోతాయా పిన్నిగారూ?"

"పది తరాలైతే అవుతాయి. మీ తాతముత్తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారని మిమ్మల్ని ఎవరైనా అడుగుతున్నారా?" అన్నాడాయన.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. వాళ్ళు వెళ్ళాక కాలవ మెట్ల మీదే కూర్చుండిపోయాను. మిల్లు నీళ్ళు వెచ్చన కదా, పొద్దున్నే ఆవిరి లేస్తుంది. దాని కింద ఆ ఎర్రతోకలు, ఎవరో నిద్రలో నవ్వినట్టు, మెల్లగా కదులుతాయి. చూస్తూ ఉంటే నా గుండెదడ కూడా కాసేపు నన్ను మరిచిపోతుంది.

కానీ చేపల ప్రదర్శనశాల వాళ్ళు వీటిని పెంచి మిగతా కాలవల్లోనూ వదులుతారని, ఇవి ఈ కాలవ సొంత జాతేనని వాటిని అమ్మే మీ కొట్టు తరఫున నువ్వు సంతకం పెట్టాలని రాశావు చూడు, అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. ఫోనులో చెబుదామని రెండుసార్లు చేశాను. బుజ్జిదాని గొంతు వినగానే ధైర్యం చాలక పెట్టేశాను.

పదకొండేళ్ళ కిందట నువ్వు పని నేర్చుకోడానికి వెళ్తూ నీ తొట్టి నాకు అప్పజెప్పావు. రెండు రోజులు కరెంటు లేదు. బుడగల మిషను ఆగిపోయింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నా చేతుల్లో చస్తాయేమోనని వాటిని బిందెలో పోసుకుని వెళ్ళి కాలవలో వదిలేశాను. ఆ సాయంత్రమే కరెంటు వచ్చింది. నీకేమో చచ్చిపోయాయని, గులాబీమొక్క కింద పాతిపెట్టానని చెప్పాను.  అది విని "నువ్వు తిన్నావా అమ్మా?" అన్నావు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంకోటి కూడా ఉంది. అప్పట్లో ఆ కాలవలో కాళ్ళు పెడితే వెండిరంగు చిన్నచేపలు పాదాలు గిల్లేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఎర్రతోకలు వాటి గుడ్లు తింటుంటే నా కళ్ళతో చూశాను. చూసి కూడా నోరు మెదపలేదు.

ఇప్పుడున్నవి కాలవలో పుట్టినవే, అందులో అబద్ధం లేదు. చీటీ మీద ఏం రాయాలో నీకే బాగా తెలుసు. కానీ అవి ఈ కాలవ సొంత జాతని మాత్రం రాయకు తల్లీ. వేరే కాలవల్లో వదలనివ్వకు. నా అబద్ధం కింద నీ సంతకం పడితే నేను తట్టుకోలేను.

ప్రదర్శనశాల వాళ్ళు ఇరవయ్యో తారీకున వస్తారన్నావుగా. వాళ్ళతో నేనే చెబుతాను, నా నోటితోనే. నువ్వు మాత్రం ఒకరోజు ముందే, ఒక్కదానివే రా. ముందు నన్ను తిట్టాలి కదా, అది నలుగురిలో బాగోదు. పందొమ్మిదో తారీకు, మంగళవారం, పొద్దుటి బస్సుకి.

ఇట్లు,
నీ పిరికి అమ్మ