ఎర్ర చేపకి నీలం మందు

ఏవండీ,

కూచిపూడి బస్సుకి టైమైపోతోంది. చెల్లెలి సీమంతం చూసుకుని ఎల్లుండి సాయంత్రానికి వస్తాను.

ఎర్ర చేపకి ఒంటిమీద తెల్లమచ్చలు తగ్గలేదు. దాన్ని అద్దాల తొట్టిలోంచి తీసి బేసిన్లో వేశాను. నీలం మందు ఆ బేసిన్లోనే వెయ్యండి. పొద్దున ఒక్కసారి, సీసా మీద రాసినట్టు ఆరు చుక్కలు. చుక్కలంటే చుక్కలే. మీ ఇంకు ఫిల్లరు కడిగి పక్కనే పెట్టాను. మొన్న మూతతో కొలిచి పోశారు, సాయంత్రానికల్లా నల్ల చేప వెల్లకిలా తేలింది. ఇదేమన్నా మీ నాన్నగారి వరిచేనా, ఓ మూత ఎక్కువ కొడితే తెగులు తొందరగా పోవడానికి? కుళాయి నీళ్ళు అలాగే పొయ్యకండి, బ్లీచింగు వాసన. బకెట్లో నిన్న పట్టినవి ఉన్నాయి. సొంత తెలివితో ఇంకో మందు కలపకండి. ఆ తెలివి నల్ల చేప చూసింది, చాలు.

మీకు దోసకాయ పప్పు గిన్నెలో ఉంది.

రామతులసి

తా.క. ఈ చేప మందు కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో వన్ టౌనంతా తిరిగారట. కిందటి నెల నేను నాలుగు రోజులు జ్వరంతో పడుంటే మిరియాల చారు తాగమన్నారు. కాచుకున్నదీ నేనే.